కొండ అరగదీయని గోరు

నూర్పూర్ దిగువ అడవి,
పుష్యమాసం.

సుర్మో అక్కకి,

మన మంద కుక్క భోటును నీ వాకిట్లో దింపి వచ్చినప్పుడు నువ్వు టీ తోటలో పనికి వెళ్ళావు. బావ ఇంట్లోనే ఉన్నాడు గానీ తలుపు సందులోంచే మాట్లాడాడు, కుక్క వెళ్ళిపోయిందా అని నన్నే అడిగాడు. ఆయనతో చెప్పినవి నీ దాకా చేరవని ఈ ఉత్తరం.

వాడు కుడి ముందుకాలు మోపడం లేదు. శరదృతువులో కనుమ దిగేటప్పుడు పైనుంచి రాళ్ళు దొర్లాయి. ఎముకకి తగిలిందనుకుంటాను. కొంతదూరం మూడు కాళ్ళ మీద మంద వెంట నడిచి, దారి మధ్యలో కూర్చుండిపోయాడు. మంద ఆగదు కదా అక్కా. కంచరగాడిద మీద కట్టి తెచ్చాను. చిరుతపులి మీదికి దూకినవాడు గాడిద మీద మూటలా ఊగుతూ వస్తుంటే వాడి మొహం నేను చూడలేకపోయాను.

మెడలో ఇనుప ముళ్ళ పట్టా తీయకు. అది తీస్తే వాడికి చిన్నతనం. రోజుకి నాలుగు మక్క రొట్టెలు, దొరికితే మజ్జిగ.

చైత్రంలో మంద పైకి వెళ్ళేది మీ సునేహడ్ ఊరి మీదుగానే. అప్పటికి నాలుగు కాళ్ళ మీద నడిస్తే తీసుకెళ్తాను. లేదంటే రోడ్డు పక్క కలప గోదాము యజమాని ఒకడు అడుగుతున్నాడు. గేటు దగ్గర గొలుసుతో కట్టేస్తాడట. నాకు ఇష్టమై కాదు. కుంటికుక్కని కనుమ ఎక్కిస్తే మంచులో వదిలేసి రావాలి. అంతకంటే గొలుసు నయం.

నీ తమ్ముడు
మచ్లూ


సునేహడ్,
పుష్యం చివర.

ఒరే మచ్లూ,

నీ రాత మేకలు తొక్కినట్టుంది. అయినా చదివాను.

మీ బావ మొదటి రోజు అన్నమాట విను. "మీ తమ్ముడు దింపింది కుక్కనా, ఎలుగునా? కుక్కయితే తోక ఊపాలి కదే!" అన్నాడు. ఊపలేదు. వాకిట్లో అడ్డంగా పడుకుంటే వాకిలి మూసుకుపోతుంది. మేం వాణ్ణి దాటుకుని వెళ్ళాలి. దాటేటప్పుడు మీ బావ దేవుడి పేరు తలుచుకుంటాడు.

నేనూ మంద కాసే గద్దీల ఆడదాన్నే. కుక్కల మధ్యే పెరిగాను. అయినా ఇలాంటివాణ్ణి దగ్గరగా చూడలేదు రా. పొద్దున్నే లేచి కొండవైపు తిరిగి కూర్చుంటాడు. మంచు మీద ఎండ పడి కొండ అంచు మెరిసేదాకా కదలడు. వాడు ఏం చూస్తున్నాడా అని నేనూ పక్కన కూర్చుని చూశాను. నాకు కొండే కనిపించింది. వాడికి మాత్రం నువ్వూ, మందా, దారీ అన్నీ కనిపిస్తున్నట్టు చెవులు కదులుతుంటాయి. పక్కన కూర్చోవడానికి కూడా జంకు పుట్టింది నాకు.

బయట మంచు పడుతోందని లోపల చెక్కనేల గదిలో పడుకోబెడుతున్నాను. ఇప్పుడు ఒక సంగతి అడగాలి. వాడు నడుస్తుంటే టిక్కు టిక్కుమని చప్పుడు. వచ్చిన కొత్తలో ఈ చప్పుడు లేదు. వంగి చూస్తే గోళ్ళు పెరిగిపోయి నేలని తన్నుతున్నాయి. వేళ్ళు పక్కకి తిరిగిపోతున్నాయి. అసలే మూడు కాళ్ళవాడు, ఆ మూడూ జారుతున్నాయి. నిన్న మెట్టు దిగబోయి బోర్లా పడి, ఎవరైనా చూశారా అన్నట్టు చుట్టూ చూశాడు. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను.

పాదం ముట్టుకోబోతే గుర్రుమంటాడు. ఏం చేయాలో రాయి.

సుర్మో


నూర్పూర్ దిగువ అడవి,
మాఘం.

అక్కా,

గోళ్ళకి ఇంత ఉత్తరమా? కుక్క గోళ్ళు మేం ఎప్పుడూ కోసిన పాపాన పోలేదు. నాన్న కోయలేదు, తాత కోయలేదు. అవి పెరగవు. ఎందుకు పెరగవో నేనెప్పుడూ ఆలోచించలేదు, నీ ఇంట్లో ఎందుకు పెరిగాయో నువ్వే చెప్పాలి. రొట్టెలు ఎక్కువయ్యాయేమో.

పెరిగితే కోసెయ్. గొర్రె గిట్ట చెక్కడం నీకు తెలియనిదా? పెళ్ళికి ముందు మందలో సగం గిట్టలు నీ చేతి మీదే అయ్యేవి. అదే కత్తి, అదే పద్ధతి. పెరిగింది చచ్చిన కొమ్ము, దానికి నొప్పేంటి? ఒక్క దెబ్బకి దగ్గరగా కోసెయ్, మళ్ళీ మళ్ళీ పని లేకుండా.

మచ్లూ


సునేహడ్,
మాఘం.

మచ్లూ,

నీ నోరు పడిపోను!

చచ్చిన కొమ్మట! నువ్వు చెప్పినట్టే గిట్ట కత్తి తీశాను. రొట్టెకి నెయ్యి రాసి ముందు పెట్టి, వాడు తింటుండగా ఎడమకాలు పట్టుకుని ఒక గోరు దగ్గరగా కోశాను. రక్తం చిమ్మింది రా. గోట్లోంచి రక్తం! గిట్టలో ఎప్పుడైనా చూశామా? కుక్క గోటి లోపల నరం ఉంటుందట, రక్తం ఉంటుందట, సగం దాకా ప్రాణం ఉంటుందట. మందల మధ్య పుట్టి పెరిగాం, ఈ ముక్క మనకి తెలియదు. సిగ్గుగా లేదూ?

వాడు అరవలేదు. తల తిప్పి నా మణికట్టుని నోట్లోకి తీసుకున్నాడు. చిరుత గొంతు పట్టిన నోరది. నా పని అయిపోయిందనుకున్నాను. పళ్ళు చర్మానికి ఆనాయి. అంతే. దిగలేదు. అలా పట్టుకుని నా కళ్ళలోకి చూశాడు, చూసి మెల్లగా వదిలేశాడు. నా చేతి మీద ఎంగిలి తప్ప గీత కూడా లేదు. అంత బలం ఉన్నవాడు అంత కొంచెమే వాడుకున్నాడు. నేను చేసిన తప్పుకి నా చేయి నమిలెయ్యొచ్చు వాడు.

డబ్బాలో చేయి పెట్టి మక్కపిండి తీసి ఆ గోటికి అదిమిపట్టి కూర్చున్నాను. చాలాసేపటికి ఆగింది. మీ బావ మేడ మీద నుంచి, "బతికే ఉన్నావటే?" అని అడుగుతూనే ఉన్నాడు, ఒక్క మెట్టు దిగలేదు.

ఇప్పుడు వాడు నాకు వీపు తిప్పి పడుకుంటున్నాడు. రొట్టె పెడితే నేను వెళ్ళాకే తింటున్నాడు. నాకు అన్నం సహించడం లేదు.


నూర్పూర్ దిగువ అడవి,
మాఘం చివర.

అక్కా,

తప్పు నాదే. తిట్టింది చాలు.

ఇక్కడ చిరుత దిగింది. చూలు గొర్రెని ఎత్తుకుపోయింది. పడుచు కుక్కలు రెండూ నా వెనక దాక్కుని మొరిగాయి. భోటు ఉంటే చిరుత ఈ వాగు దాటేది కాదు. అవి నా కాళ్ళ మధ్య దూరుతుంటే నాకు ఏడవాలో తన్నాలో తెలియలేదు.

గోదాము యజమానికి మాట ఇచ్చేశాను. చైత్రం మొదట్లో జీపు పంపిస్తాడు. ఇంక గోళ్ళు కోసి ఏం లాభం? గొలుసుకి కట్టినవాడికి గోళ్ళెందుకు? వాణ్ణి విసిగించకు.

మచ్లూ


సునేహడ్,
ఫాల్గుణం.

తమ్ముడూ,

జీపు సంగతి తర్వాత. ముందు ఇది చదువు, తీరిగ్గా చదువు.

పై వాడలో సూబేదార్ రిఝూ మామ ఉన్నాడు కదా, ఫౌజులో కుక్కల దళంలో పనిచేసి వచ్చాడు. ఊళ్ళో పెళ్ళి జరిగినా చావు జరిగినా తన కుక్కల కథలే చెబుతాడు, నీకు తెలుసు. వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. గోళ్ళు కోసే కత్తెర జేబులో పెట్టుకుని, మీసం దువ్వుకుని బయలుదేరాడు. దారంతా "వందల కుక్కలు నా చేతిలో వంగాయమ్మాయ్, నీ కుక్కెంత!" అంటూనే వచ్చాడు. వాకిట్లో భోటు లేచి నిలబడ్డాడు. మామ ఆ ఊపులోనే మా వంటింట్లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. కత్తెర తలుపు కింద నుంచి తోసి, పాఠం మొత్తం తలుపు వెనక నుంచే చెప్పాడు.

"కోయకు! మొదట పాదం ముట్టుకోవడమే నేర్పు! ముట్టుకుని రొట్టెముక్క పెట్టు! ఇవాళ అంతే!"

అలా వారం రోజులు మామ వచ్చి చెప్పడం, నేను ముట్టుకోవడమే. ముందు భుజం, తర్వాత మోకాలు, తర్వాత పాదం. గుర్రుమంటే ఆగిపోవడం. వాడు నా వైపు తిరిగి పడుకున్న రోజు మీ బావకి పరమాన్నం వండిపెట్టాను. ఎందుకని అడిగితే చెప్పలేదు.

తర్వాత అసలు పని. "ఎండలో కూర్చో! పాదం కింద నుంచి పట్టుకో, పైనుంచి గుంజకు! వెంట్రుకలు పక్కకి తియ్! వేలి మీద మెల్లగా నొక్కితే గోరు బయటికొస్తుంది! తెల్లగోరయితే లోపల ఎర్రగా కనిపిస్తుంది, దాని ముందే ఆగాలి!" అన్నాడు మామ. "నల్లగోళ్ళు మామా, ఏమీ కనిపించడం లేదు" అన్నాను. తలుపు వెనక మామ గొంతు సవరించుకున్నాడు. "అయితే చివర్న గోటిపొట్టంత తియ్. తీసి, కోసినచోటు చూడు. సుద్దలా పొడిగా ఉందా? ఇంకో పొట్టు తియ్. మధ్యలో నల్లటి చుక్క, తడిగా, కనిపించిందా? ఆపెయ్! అక్కడి నుంచి ప్రాణం!"

కోశాను. పొడి. ఇంకొంచెం. పొడి. ఇంకొంచెం తీసేసరికి మధ్యలో ఆవగింజంత చుక్క, తడిగా మెరిసింది. అక్కడే చేయి ఆగిపోయింది. మచ్లూ, ఎలా చెప్పను నీకు? అంత మొద్దు నల్లగోరు. దాని లోపల అంత సన్నని ప్రాణం చివరిదాకా వచ్చి నిలబడి ఉంది. నేను దాని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చినట్టనిపించింది. ఆ రోజు రెండు గోళ్ళే కోశాను.

అసలు వింత ఇంకా చెప్పలేదు. "వారానికోసారి ఇలా కొంచెం కొంచెం తీస్తుంటే, లోపలి నరం వెనక్కి జరుగుతుంది" అన్నాడు మామ. నేను నమ్మలేదు. తర్వాతి వారం చూశాను, ఆ పై వారం చూశాను. నిజంగానే జరిగింది రా! కిందటిసారి చుక్క కనిపించినచోట ఈసారి పొడి సుద్ద. మనం తొందరపడకపోతే ప్రాణమే చోటిచ్చి వెనక్కి తగ్గుతోంది.

"మరి మా మందల్లో కుక్కలకి ఎవరు కోస్తారు మామా?" అని అడిగాను. మామ మొదటిసారి తలుపు కాస్త తెరిచి, వేలు బయటపెట్టి కొండని చూపించాడు. "అదే. రోజూ అరగదీస్తుంది, రోజుకి కొంచెం. అందుకే మీవాళ్ళకి తెలియలేదు."

ఇప్పుడు టిక్కు టిక్కు లేదు. వేళ్ళు నిటారుగా ఆనుతున్నాయి. మూడు కాళ్ళూ జారడం లేదు. నాలుగోది మాత్రం ఇంకా ఎత్తే ఉంచుతున్నాడు. ఆ కాలు ఒక్కటే నన్ను ముట్టుకోనివ్వడం లేదు.

జీపు ఆపు.

సుర్మో


నూర్పూర్ దిగువ అడవి,
ఫాల్గుణం చివర.

అక్కా,

నీ ఉత్తరం టీ కొట్టు దగ్గర చదివి, మందకి తిరిగొచ్చి, పడుచు కుక్కల పాదాలు ఎత్తి చూశాను. గోళ్ళు పొట్టిగా, మొన దగ్గర నున్నగా, అరిగిన రాయిలా ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆ కొండ మీదే తిరిగాను. గొర్రెల్ని కాస్తుంది, నీళ్ళిస్తుంది, అప్పుడప్పుడు మనిషిని మింగుతుంది అనుకున్నాను. పక్కన కూర్చుని మా కుక్కల గోళ్ళు కూడా తీసి పెడుతోందని తెలియదు. సాయంత్రం దాని వైపు తిరిగి దండం పెట్టుకున్నాను. పక్క మంద వాడు చూసి, "ఏంరా, ఇవాళ ఏ పండగ?" అన్నాడు. ఏమీ లేదన్నాను.

కానీ జీపు ఆగదు అక్కా. మూడు కాళ్ళు బాగుపడితే ఏం? ఎముక విరిగింది విరిగిందే. మాట ఇచ్చాను.

మచ్లూ


సునేహడ్,
చైత్రం.

మచ్లూ, మచ్లూ,

ఎముక కాదు రా! రాయి కాదు!

నిన్న మధ్యాహ్నం ఎండలో వాడి పాదాలు చూసుకుంటూ కూర్చున్నాను. మూడు కాళ్ళూ అయ్యాక రోజూలాగే లేవబోయాను. వాడు లేవనివ్వలేదు. ఆ కుడికాలు, ఇన్నాళ్ళూ దాచుకున్న కాలు, తనే ఎత్తి నా ఒళ్ళో పెట్టాడు. పెట్టి తల అటు తిప్పుకున్నాడు. ఇంత కొండలాంటివాడు, నేను ఒకసారి రక్తం కళ్ళజూసినదాన్ని, నన్ను నమ్మి కాలు ఒళ్ళో పెట్టాడు. కాసేపు దాన్ని ముట్టుకోకుండా అలాగే కూర్చున్నాను.

నాలుగు గోళ్ళూ పెరిగి ఉన్నాయి గానీ ఎక్కడా గుచ్చుకోలేదు. అయినా పాదం పైన, లోపలివైపు, ఆ దట్టమైన జుట్టు కింద వేడిగా తగిలింది. జుట్టు విడదీశాను. నేలకి తగలకుండా పక్కన వేలాడే బొటనవేలు ఉంటుంది చూడు కుక్కకి? దాని గోరు గుండ్రంగా చక్రంలా తిరిగి, మొన వెనక్కొచ్చి, మాంసంలోకి దిగిపోయి ఉంది. చీము పట్టింది. పొట్టేలు కొమ్ము తిరిగి దవడలోకి దిగినట్టు. అది నాలుగు గోళ్ళలా నేలకి తగలదు, అందుకే కొండ దాన్ని అరగదీయదు. ఎన్నేళ్ళుగా పెరిగి పెరిగి లోపలికి దిగిందో. ప్రతి అడుగుకీ తన గోరే తనని పొడుస్తుంటే వాడు మంద వెంట నడిచాడు. చిరుత మీదికి దూకింది ఆ కాలితోనే.

పశువుల ఆసుపత్రికి వాణ్ణి నడిపించుకునే వెళ్ళాను. డాక్టరు పడుచువాడు. ముట్టుకోబోతే భోటు పళ్ళు చూపించాడు. డాక్టరు రెండడుగులు వెనక్కేసి, "మీరు పట్టుకుంటే ఊరుకుంటాడా అమ్మా?" అన్నాడు. ఊరుకుంటాడన్నాను. "అయితే నేను చెబుతా, మీరు కోయండి" అన్నాడు. కోశాను, గుండ్రం మధ్యలో, ఆయన వేలు చూపించినచోట. లోపల దిగిన మొనని పట్టకారుతో మెల్లగా లాగాను. భోటు ఒళ్ళంతా వణికింది. నా భుజం మీద తల ఆనించి పెద్దగా ఊపిరి వదిలాడు, నా మెడంతా వేడెక్కింది.

పుండు కడిగి మందు వేశారు. మాత్రలు ఇచ్చారు. తిరిగొచ్చేటప్పుడు మా వీధి మలుపులో, నేను వెనక్కి చూస్తే, వాడు నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. మొదట నిలబడ్డాడు. తర్వాత ఆ కాలి మీద బరువు పెట్టి చూశాడు. తర్వాత నడిచాడు. నేను రోడ్డు మీద కూర్చుని ఏడ్చాను. మీ బావ ఎదురొచ్చి నన్ను లేపాడు, భోటు పక్కన నడుస్తూ ఇంటిదాకా వచ్చాడు, దేవుడి పేరు తలుచుకోలేదు.

జీపు వస్తే టైర్లు కోస్తాను. గిట్ట కత్తి నా దగ్గరే ఉంది.

నీ అక్క


నూర్పూర్,
చైత్రం.

అక్కా,

గోదాముకి కబురు పంపాను, కుక్క లేదని. వాడు తిట్టాడు, తిట్టనీ.

రెండు కుక్కల కాళ్ళూ తడిమి చూశాను. ఆడకుక్కకి బొటనగోరు సగం చక్రం తిరిగి ఉంది.

నేను ఏమీ రాయలేను ఇప్పుడు. వస్తున్నాను.

మచ్లూ


సునేహడ్,
వైశాఖం.

తమ్ముడూ,

భోటును తీసుకుని మీరు వెళ్ళి ఇన్ని రోజులైనా వాకిలి ఇంకా పెద్దగానే కనిపిస్తోంది. మీ బావ పొద్దున అలవాటుగా కాలెత్తి గాలిని దాటాడు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం గానీ నవ్వలేదు.

కత్తెర నీ సంచిలో పెట్టాను. రిఝూ మామ ఇచ్చేశాడు, "నా ఫౌజు పతకం ఇచ్చినట్టే అనుకో" అన్నాడు. మిగతా గోళ్ళ జోలికి పోకు, దారిలో రాళ్ళు చూసుకుంటాయి. బొటనగోళ్ళు మాత్రం నీ బాధ్యత. నెలకోసారి, గోటిపొట్టంత, చుక్క కనిపిస్తే ఆగు.

నాకు ఒక్కటే భయం. కనుమ మీద గడ్డకట్టిన మంచు ఉంటుంది, గోరు దిగకపోతే జారిపోతారు అని నువ్వే అన్నావు. ఆ సంగతి నాకు ముందు తెలియదు. నేను నేలకి తగలనంత కోశాను. ఎక్కువ కోసేశానేమోనని నిద్ర పట్టడం లేదు. మళ్ళీ పెరిగేంత వ్యవధి ఉందా? రాళ్ళు ఇంకా అరగదీస్తాయేమో? కనుమ దాటాక మొదట నాకే రాయి. గొర్రెల లెక్క తర్వాత.

సుర్మో


లాహౌల్ వైపు, కనుమ దిగాక,
ఆషాఢం.

సుర్మో అక్కకి,

మొదట నీకే రాస్తున్నాను.

కేలంగ్ దేవుడికి మొక్కి తెల్లవారుతుండగా కుగ్తీ కనుమ ఎక్కడం మొదలుపెట్టాం. పై అంచు దగ్గర మంచు అద్దంలా బిగిసి ఉంది. నేను గొడ్డలితో మెట్లు చెక్కుతున్నాను. గొర్రెలు కింద ఆగి అరుస్తున్నాయి. ఏటవాలు మధ్యలో ఒక గొర్రె కాలు జారి, పక్కనున్న భోటును గుద్దింది. ఇద్దరూ కలిసి కిందికి జారారు. కింద లోయ. నీ ఉత్తరంలో నువ్వు రాసిన భయం ఒక్కటే బుర్రలో ఉంది.

గోళ్ళు మంచు మీద గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. వాడు నాలుగు పాదాలూ వెడల్పు చేసి, వేళ్ళు విచ్చి, పొట్ట మంచుకి ఆనించాడు. ఆ చప్పుడు ఆగిపోయింది. వాడూ ఆగాడు. గొర్రె వాడి భుజానికి తట్టుకుని ఆగింది. ఆ గొర్రె లేచి తనంతట తాను మెట్ల మీదికి వచ్చేదాకా వాడు కదలలేదు. ఆ కుడికాలి మీదే బరువంతా ఉంది. నేను పైనుంచి చూస్తూ, గొడ్డలి పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. వాడు నా పక్కకి వచ్చి, ఒళ్ళు దులుపుకుని, ముందుకి నడిచాడు.

సరిగ్గా కోశావు అక్కా. ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఈ సాయంత్రం ఇక్కడ గడ్డిలో మంట వేసుకుని కూర్చున్నాం. వాడు పక్కన పడుకున్నాడు. బొటనగోరు చూడాలని నీ కత్తెర తీశాను. నిజం చెబుతున్నా, తీసి మళ్ళీ గడ్డిలో పెట్టేశాను. వాడు పుట్టినప్పటి నుంచి నాతోనే ఉన్నాడు. ఎన్ని కనుమలు కలిసి దాటామో. నేను వాడి తల నిమిరాను, మెడలో పట్టా కట్టాను, గాయాలకి మందు రాశాను. వాడి పాదం నా చేతిలోకి తీసుకోవడం మాత్రం ఇదే మొదటిసారి.

కింద నుంచి పట్టుకున్నాను, నువ్వు చెప్పినట్టే. పొట్టంత తీశాను. పొడిగా ఉంది. ఇంకో పొట్టు తీశాను. నిప్పుల వెలుగులో ఆ చుక్క కనిపించింది. ఆపేశాను.

పని అయిపోయింది గానీ పాదం వదలబుద్ధి కాలేదు. అలాగే పట్టుకుని కూర్చున్నాను. వాడు లాక్కోలేదు.

మచ్లూ